రాగికంటే ఎన్ని రెట్లు? సూపర్‌ఫ్లూయిడ్ హీలియం దగ్గర ఇరుక్కున్నా

పెన్నొడ్డు_పిల్ల (అనంతపురం)
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. వచ్చే సోమవారం క్లాసులో సెమినార్ ఇవ్వాలి. సూపర్‌ఫ్లూయిడ్ హీలియం, అంటే బాగా చల్లబరిస్తే జిగట లేకుండా పారే ద్రవ హీలియం తీసుకున్నా. గిన్నె గోడెక్కి బయటికి పాకిపోవడం, ఫౌంటెన్ లెక్క చిమ్మడం, వీడియోల్లో భలే ఉంటాయి కదా, అందుకని. ఇప్పుడు అదే మెడకు చుట్టుకుంది.

ఈరోజు గైడ్ సార్‌కు స్లైడ్లు చూపించినా. మూడో స్లైడ్‌లో "ఇది రాగికంటే పది లక్షల రెట్లు బాగా వేడిని మోస్తుంది" అని రాసుకున్నా. సార్ "ఎంత వేడి పంపినప్పుడు?" అని ఒక్క మాట అడిగి, సమాధానం కోసం కూడా చూడకుండా తర్వాతి వాళ్ళను పిలిచినాడు. రాగిని ఎవరూ అట్ల అడగరు కదా. రాగి అంటే మీటరుకు, కెల్విన్‌కు 400 వాట్లు, అంతే. రూముకొచ్చి వెతికితే ఒకచోట వందల రెట్లు అని ఉంది, ఒకచోట వెయ్యి, ఇంకోచోట పది లక్షలు. ఏది నమ్మాలి?

రెండో డౌటు. ఈ ద్రవంలో టర్బులెన్స్, అంటే సుడుల కలగాపులగం కూడా ఉంటుందంట. జిగటే లేని దాంట్లో ఏది దేన్ని కలుపుతుంది?

కారందోసె_కడప
సోమవారం, రాత్రి 9:58

ఇక్కడ ఫ్యాను వేసుకుని చెమటలు కక్కుతా చదువుతాండా. మైనస్ 271 డిగ్రీలు అని చూస్తేనే ప్రాణం లేచొచ్చింది చెల్లీ.

సింపుల్. సూపర్ అంటే రాపిడి సున్నా. సూపర్‌కండక్టర్లో కరెంటు పోయినట్టు దీంట్లో వేడి పోతుంది, అడ్డమే లేదు. కాబట్టి అనంతం రెట్లు. టర్బులెన్స్ లేదు, గిర్బులెన్స్ లేదు. రాసేసుకో.

విశ్రాంత_అయ్యవారు (కర్నూలు)
సోమవారం, రాత్రి 10:31

కారందోసె గారూ, మీ జవాబు వినడానికి బాగుంది. తప్పు.

అమ్మాయీ, మీ గైడ్ అడిగిన ప్రశ్న 1937 నాటిది. ఆ ఏడాది కేంబ్రిడ్జిలో అలెన్, పైర్ల్స్, జాకీ ఉద్దీన్ అనే ముగ్గురు ఈ ద్రవంలో వేడి ఎలా పోతుందో కొలిచారు. వేడిని రెట్టింపు చేస్తే రెండు కొసల మధ్య ఉష్ణోగ్రత తేడా కూడా రెట్టింపు కావాలి, ఏ లోహంలోనైనా అంతే. ఇక్కడ ఆ లెక్క కుదరలేదు. లెక్క కుదరనప్పుడు ఉష్ణవాహకత్వం అని ఒక అంకె రాసుకోవడానికే వీల్లేదు. గమనించండి, ఈ ద్రవం జిగట లేకుండా పారుతుందని మాస్కోలో కపిత్జా, కేంబ్రిడ్జిలో అలెన్, మైసెనర్ ప్రకటించింది ఆ మరుసటి ఏడాది, 1938లో. వేడి తగువు అంతకంటే పాతది.

మొదటి నుంచి వద్దాం. హీలియం 4.2 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవమవుతుంది. 1908లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ చేసి చూపించాడు. ఆ ద్రవాన్ని ఇంకా చల్లబరుస్తూ పోతే కుతకుతమని ఉడుకుతూనే ఉంటుంది. 2.17 కెల్విన్ దగ్గరికి రాగానే ఉడుకు టక్కున ఆగుతుంది. ఒక్క బుడగ ఉండదు, అద్దం పరిచినట్టు. ఆవిరి కావడం మాత్రం ఆగలేదు, పైతలం నుంచి అవుతూనే ఉంటుంది. లోపల బుడగ పుట్టాలంటే ఎక్కడో ఒకచోట చుట్టుపక్కల కంటే రొంత వేడెక్కాలి కదా. అలా వేడెక్కేలోపే వేడి పైకి చేరిపోతోంది.

ఎలా చేరుతోంది అన్నదే అసలు సంగతి. 1938లో టిస్సా, 1941లో లాండౌ చెప్పిన బొమ్మ ఇది: ద్రవం రెండు భాగాలు కలిసినట్టు ప్రవర్తిస్తుంది. ఒకటి మామూలు భాగం. దానికి జిగట ఉంది, వేడినంతా అదే మోస్తుంది. రెండోది సూపర్ భాగం. జిగట లేదు, దాని దగ్గర వేడీ లేదు. 2.17 దగ్గర అంతా మామూలే. 1.95 చుట్టుపక్కల సగం సగం. 1 కెల్విన్‌కు దిగితే మామూలు భాగం నూటికి ఒకటి కూడా ఉండదు.

సీజన్లో ఆదోని పత్తి యార్డు గేటు చూసినారా? పత్తి నింపుకున్న బండ్లు లోపలికి, ఖాళీ బండ్లు బయటికి. గేటు దగ్గర కూర్చుని లెక్కపెడితే పోయినవీ వచ్చినవీ సమానం. పత్తి మాత్రం ఒకే దిక్కున పోతుంది. ఈ ద్రవంలో నిండు బండి మామూలు భాగం, ఖాళీ బండి సూపర్ భాగం, పత్తి వేడి. హీటరు దగ్గర్నుంచి మామూలు భాగం చల్లటి కొసకు పోతుంటే, సూపర్ భాగం హీటరు వైపు ఎదురొస్తుంది. మొత్తం ద్రవం ఎటూ కదలదు. దీన్ని కౌంటర్‌ఫ్లో అంటారు. రాగిలో వేడి చేతులు మారుతూ పోతుంది. ఇక్కడ బండెక్కి పోతుంది.

ఒక హెచ్చరిక. బండ్ల పోలిక చూసి ఫలానా అణువు మామూలుది, ఫలానాది సూపర్‌ది అనుకోవద్దు. అణువులన్నీ ఒకటే. పోలిక గేటు వరకే పనికొస్తుంది. మిగతాది రేపు, కళ్ళు లాగుతున్నాయి.

కోల్డ్_స్టోరేజీ_మస్తాన్ (నంద్యాల)
సోమవారం, రాత్రి 11:15

అయ్యోరూ, నాది అమ్మోనియా ప్లాంట్ల మెకానిక్ పని. చదువు పదోది. ఈ చర్చా దారం ఎందుకు చదువుతాండానో నాకే తెల్దు. అమ్మోనియా మైనస్ 33 దగ్గర మరుగుతుంది. ఇంకా చల్లగా కావాలంటే కంప్రెసర్ సక్షన్ ఒత్తిడి తగ్గిస్తాం. మీ హీలియం 4.2 నుంచి 2.17కు దిగేది కూడా అట్లనేనా, లేకుంటే వేరే మంత్రమా?

ప్రొద్దుటూరు_క్రయో
మంగళవారం, ఉదయం 6:50

మస్తాన్ అన్నా, అచ్చం అదే. మూత బిగించిన పాత్రలోని హీలియం ఆవిరిని పెద్ద వాక్యూమ్ పంపుతో లాగుతాం. ఒత్తిడి వాతావరణంలో ఇరవయ్యో వంతుకు పడేసరికి 2.17 వస్తుంది. ఇంకా లాగితే 1.9, 1.8. మంత్రమేం లేదు, పంపు పెద్దది, కరెంటు బిల్లు పెద్దది. నేను ఈ ద్రవంతోనే పనిచేస్తా, ఊరు ప్రొద్దుటూరు, ఉద్యోగం దూరం. ఉడుకు ఆగే ఆ క్షణం నేను శానాసార్లు చూసినా, ఇప్పటికీ పని ఆపి చూస్తా.

చెల్లెలి రెండో డౌటుకు వస్తా. అయ్యవారు గేటు దాకా తెచ్చి వదిలినారు, నేను బండ్లు గుద్దిస్తా.

నీళ్ళలో సుడి ఎంత బలంగానైనా ఉండొచ్చు, ఎంత నీరసంగానైనా ఉండొచ్చు. బకెట్లో చెయ్యి తిప్పి తీస్తే అది మెల్లగా వడలిపోతుంది. సూపర్ భాగంలో ఆ బేరాలు చెల్లవు. సుడి ఉందంటే దాని బలం ఒకటే: ప్లాంక్ స్థిరాంకాన్ని హీలియం అణువు ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేది, సెకనుకు సుమారు 0.001 చదరపు సెంటీమీటరు. సగం సుడి లేదు, పావు సుడి లేదు. 1949లో ఆన్‌సాగర్ ఈ మాట అన్నాడు, 1955లో ఫైన్‌మన్ దాన్ని పూర్తిగా పేర్చి చూపించాడు. సుడి నడిమి బొక్క ఒక అణువంత సన్నం. పొడుగు మాత్రం పాత్ర ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఉండొచ్చు. మధ్యలో తెగి ఆగకూడదు. గోడకైనా తగలాలి, పైతలానికైనా తగలాలి, లేదా గాజులా చుట్టుకోవాలి.

అంటే ఈ ద్రవంలో టర్బులెన్స్ అంటే అణువంత సన్నని, ఒకే పురి ఉన్న పోగుల చిక్కు.

రాపిడి యాడిది అంటావా? మామూలు భాగం నిజానికి వేడి కదలికల గుంపు, ఫోనాన్లు, రోటాన్లు అంటాం. అవి పోతూ పోతూ ఈ పోగులకు తగిలి చెదురుతాయి. సూపర్ భాగానికి సొంత జిగట లేదు గానీ దాని సుడులకు మామూలు భాగం తగులుకుంటుంది. దీన్ని మ్యూచువల్ ఫ్రిక్షన్ అంటారు. ఎదురు వేగం తక్కువగా ఉన్నంత సేపు రెండు భాగాలూ ఒకదాని గుండా ఒకటి దూరిపోతాయి, ఎవరి దారి వాళ్ళది. కొంత వేగం దాటినాక పోగులు పెరగడం మొదలు.

పెన్నొడ్డు_పిల్ల (అనంతపురం)
మంగళవారం, ఉదయం 8:05

అయ్యవారూ, క్రయో అన్నా, శానా థ్యాంక్స్. ఇంకో చోట తట్టుకున్నా. పోగులు "పెరగడం" ఏంది? ఎవరు పుట్టిస్తారు వాటిని?

మగ్గం_ధర్మవరం
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను ఫిజిక్స్ మనిషిని కాదు, మాది పట్టుచీరల మగ్గం. పోగులు, పురి, చిక్కు అంటుంటే మా ఇంటి మాటల్లా ఉన్నాయని ఆగినా. పట్టు చిక్కుపడితే చిన్నపిల్లలు చేసే తప్పు ఒకటుంది. లాగుతారు. లాగేకొద్దీ ముడి పెరుగుతుంది, ముందు రెండు పోగుల్లో ఉన్నది ఇరవై పోగులకు పాకుతుంది. మీ హీలియంలో వేడి పెంచడం అట్ల లాగడమేనా?

విశ్రాంత_అయ్యవారు (కర్నూలు)
మంగళవారం, మధ్యాహ్నం 2:44

మగ్గం గారూ, నలభై ఏళ్ళ పాఠాల్లో నాకు దొరకని పోలిక ఇచ్చారు. లాగడమే.

పోగులను శూన్యం నుంచి ఎవరూ పుట్టించక్కర్లేదమ్మా. చల్లబరిచేటప్పుడే ఒకటో రెండో గోడలకు అంటుకుని మిగిలిపోతాయి. వాటిమీద ఎదురు ప్రవాహం పడితే అవి సాగుతాయి, వంకర్లు తిరుగుతాయి. రెండు పోగులు ఒకదానికొకటి అడ్డం పడితే ఆ చోట రెండూ తెగి, కొసలు మార్చుకుని అతుక్కుంటాయి. ఆ తెగి అతుక్కోవడం వల్లనే చిక్కు చిక్కుగా నిలబడుతుంది. మళ్ళీ ఆ అతుకుల దగ్గరే చిన్న చిన్న ఉంగరాలు విడిపోయి కరిగిపోతాయి కూడా. ఒక పక్క పెరుగుదల, ఒక పక్క తరుగుదల. రెండూ సరితూగిన చోట చిక్కు స్థిరపడుతుంది. ఎంత చిక్కు? ఎదురు వేగానికి వర్గంగా.

ఇప్పుడు మీ గైడ్‌కు జవాబు ఇక్కడే ఉంది. ఒక్కో పోగు దగ్గర పడే రాపిడి వేగాన్ని బట్టి. పోగుల పొడవు వేగం వర్గాన్ని బట్టి. రెండూ గుణిస్తే వేగం ఘనం. ఎదురు వేగం పంపిన వేడికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి, ఉష్ణోగ్రత తేడా వేడి ఘనంగా పెరుగుతుంది. ఈ ఘనం నియమాన్ని 1949లోనే హాలండ్‌లో గోర్టర్, మెలింక్ రాసిపెట్టారు, కారణం తెలియకుండానే. కారణం సుడుల చిక్కేనని 1957లో కేంబ్రిడ్జిలో జో వైనన్ వరుసగా వేసిన వ్యాసాల్లో తేల్చాడు. నా దృష్టిలో ఈ కథలో అసలు హీరో వైనన్, కపిత్జా కాదు. ఒప్పుకోనివాళ్ళు ఒప్పుకోకండి.

కారందోసె_కడప
మంగళవారం, సాయంత్రం 5:10

సరే, ఓడిపోయినా. అనంతం వాపస్.

అయినా ఒక మాట. హీలియం కనిపెట్టింది మన గుంటూర్లో కదా? 1868 గ్రహణం. అంటే ఈ ద్రవం కూడా తెలుగుదే.

ప్రొద్దుటూరు_క్రయో
మంగళవారం, సాయంత్రం 6:02

రొంత నిదానం దోసె. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరొచ్చింది నిజం. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం పోయిందీ నిజం. సూర్యుడి అంచు మంటల వెలుగులో పసుపు గీత ఆ రోజు కనబడింది. అది సోడియం గీత కాదు, కొత్త మూలకం అని తేల్చి హీలియం అనే పేరు దాకా తెచ్చింది మాత్రం ఇంగ్లండులో లాకియర్. భూమ్మీద అది చేతికి చిక్కింది 1895లో, రామ్సే చేతికి. గుంటూరు నుంచి మొదలైందను, గుంటూర్లో తయారైందనకు. మనం సీమోళ్ళం, గుంటూరు గొప్ప మనకెందుకు పో.

నిర్వాహకుడు
మంగళవారం, సాయంత్రం 6:30

గుంటూరు గ్రహణం మీద వచ్చిన పదకొండు వ్యాఖ్యలు వేరే దారానికి మార్చాం. ఇక్కడ వేడి, సుడులు.

ప్రొద్దుటూరు_క్రయో
మంగళవారం, రాత్రి 9:15

అంకెలు వేద్దాం. చెల్లీ, నోట్సు తీసుకో, ఇది నీ మూడో స్లైడ్.

1.9 కెల్విన్ దగ్గర ద్రవం. గొట్టం అడ్డుకోతలో చదరపు సెంటీమీటరుకు 1 వాట్ వేడి పంపినామనుకో. మామూలు భాగం సెకనుకు సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో పోతుంది, చీమ కంటే రొంత జోరు. సూపర్ భాగం దాదాపు మూడున్నర సెంటీమీటర్లతో ఎదురొస్తుంది. ఉష్ణోగ్రత తేడా ఎంత? సెంటీమీటరుకు ఒక మిల్లీకెల్విన్ కూడా రాదు, సుమారు 0.8. రాగితో పోల్చే భాషలో చెప్పాలంటే మీటరుకు, కెల్విన్‌కు లక్ష వాట్ల పైచిలుకు. రాగికి 400 కాబట్టి సుమారు మూడు వందల రెట్లు.

వేడిని రెట్టింపు చెయ్. 2 వాట్లు. తేడా ఎనిమిదింతలు, అంటే సెంటీమీటరుకు ఆరేడు మిల్లీకెల్విన్లు. ఇప్పుడు భాగించి చూడు, రాగికి డెబ్బయి ఎనభై రెట్లే. అదే ద్రవం, అదే గొట్టం, అదే ఉష్ణోగ్రత.

అర వాట్‌కు దిగితే? వెయ్యి రెట్లు దాటుతుంది. నువ్వు చూసిన వందలూ, వెయ్యీ రెండూ నిజమే, పంపిన వేడి వేరు. పది లక్షలు? అది రాగితో పోల్చింది కాదు. 2.17 పైన ఉన్న మామూలు ద్రవ హీలియంతో పోల్చినది. దాని వాహకత్వం 0.02 చిల్లర మాత్రమే, గాలిలా అన్నమాట. దానితో భాగిస్తే లక్షలేం ఖర్మ, కొన్ని మిలియన్లే వస్తాయి. ఎవరో ఒకరు "మామూలు హీలియం కంటే" అన్నది తీసి "రాగి కంటే" అని పెట్టినారు, మిగతావాళ్ళు ఎత్తి రాసుకున్నారు.

ఇంకా తక్కువ వేడి, శానా సన్నని గొట్టం అయితే చిక్కే ఉండదు. అప్పుడు మామూలు భాగం జిగట ఒక్కటే అడ్డు. తేడా వేడికి నేరుగా అనుపాతంలో ఉంటుంది. ఆ జాగాలో కూడా రాగి లెక్క పనిచేయదు, ఎందుకంటే ఫలితం గొట్టం వ్యాసం మీద ఆధారపడి ఉంటుంది. రాగి కడ్డీ లావు మారిస్తే రాగి వాహకత్వం మారుతుందా?

పెన్నొడ్డు_పిల్ల (అనంతపురం)
మంగళవారం, రాత్రి 9:52

అన్నా, కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఒక్క సందేహం, అడిగితే తిట్టొద్దు. అణువంత సన్నని పోగులు ఉన్నాయని ఎవరన్నా కళ్ళతో చూసినారా? లేక లెక్క కుదిరింది కాబట్టి ఉన్నాయి అంటున్నామా?

విశ్రాంత_అయ్యవారు (కర్నూలు)
మంగళవారం, రాత్రి 10:40

తిట్టడమెందుకు, ఆ ప్రశ్న అడగనివాళ్ళను తిట్టాలి.

1961లో వైనన్ ద్రవంలో సన్నటి తీగ బిగించి వణికించాడు. తీగ చుట్టూ సుడి పట్టుకుంటే వణుకు తీరు మారుతుంది. ఆ మార్పు నుంచి సుడి బలం లెక్క తీస్తే సరిగ్గా ఆ ఒక్క మోతాదు వచ్చింది. 1979లో బర్క్‌లీలో యార్మ్‌చుక్, గోర్డన్, ప్యాకర్డ్ తిరుగుతున్న పాత్రలో నిలువు పోగుల కొసలను ఫోటో తీశారు. చుక్కలు ముగ్గు పెట్టినంత పొందికగా ఉంటాయి. పాత్ర నిమిషానికి పది చుట్లు తిరిగితే చదరపు సెంటీమీటరుకు రెండు వేల పోగులు నిలబడాలి, అది ఫైన్‌మన్ లెక్క.

చిక్కును చూసింది 2006లో. మేరీల్యాండ్‌లో బ్యూలీ, లాత్రాప్, శ్రీనివాసన్ రొంత హైడ్రోజన్ వాయువును హీలియంలోకి ఊదారు. అది గడ్డకట్టి సన్నటి రవ్వలై పోగుల మీద పూసల్లా కూర్చుంది. లేజరు వేస్తే పోగులు మెరిశాయి. ఆ శ్రీనివాసన్, కాటేపల్లి శ్రీనివాసన్, బెంగళూరు ఐఐఎస్సీలో పీహెచ్‌డీ చేసినవాడే. తర్వాత అదే బృందం పోగులు తెగి అతుక్కోవడాన్నీ పట్టింది.

కొలత పనికి మాత్రం నా ఓటు రెండో ధ్వనికి. మామూలు శబ్దంలో ద్రవం ఒత్తిడి అలలా పోతుంది, ఇందులో సెకనుకు 240 మీటర్లకు అటూ ఇటూ. రెండో ధ్వనిలో రెండు భాగాలూ ఎదురెదురుగా ఊగుతాయి, ఒత్తిడి కదలదు, వేడి అలలా పోతుంది, సెకనుకు ఇరవై మీటర్ల చుట్టుపక్కల. వేడి అలలా పోవడం అనేది ఏ రాగిలోనూ లేదు. 1944లో పెష్కోవ్ దాన్ని పట్టుకున్నాడు. ఈ అలను చిక్కు గుండా పంపితే పోగులు దాన్ని మింగుతాయి. ఎంత తగ్గిందో చూసి లోపల ఎంత పొడవు పోగులు ఉన్నాయో చెప్పొచ్చు. గట్టిగా వేడి పంపిన ద్రవంలో ఒక్క ఘన సెంటీమీటరులో కిలోమీటరు పొడవు చిక్కు కూడా మామూలే. అప్పటికి పోగుకూ పోగుకూ మధ్య ఎడం మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు.

ప్రొద్దుటూరు_క్రయో
బుధవారం, ఉదయం 7:20

అయ్యవారితో ఒక చోట పేచీ పెట్టుకుంటా. "చిక్కు" అనగానే ఇది తుంగభద్ర వరద లాంటి టర్బులెన్సేనని పిల్లలు అనుకుంటారు. వరదలో పెద్ద సుడి చిన్న సుడులుగా విరుగుతుంది, అవి ఇంకా చిన్నవిగా, చివరికి జిగట మింగేస్తుంది. దానికి కొల్మొగొరోవ్ 1941లో ఇచ్చిన లెక్క ఉంది. హీలియాన్ని చక్రాలతో గిలక్కొడితే అదే లెక్క వస్తుంది, 1998లో మౌరర్, టాబెలింగ్ చూపించినారు. రెండు భాగాలూ కలిసి ఒకే ద్రవంలా తిరుగుతాయి కాబట్టి.

వేడితో పుట్టిన చిక్కు వేరు జాతి. అక్కడ రెండు భాగాలూ ఎదురెదురు. శక్తి పెద్ద సుడుల్లోంచి దిగి రావడం లేదు, ప్రతి పోగు దగ్గరా నేరుగా లోపలికి వస్తోంది. మామూలు ద్రవాల్లో దీనికి జోడీ లేదు. పైగా వేగాలు కొలిచి, ఏ వేగం ఎన్నిసార్లు వచ్చిందో గీస్తే గంటాకారపు వంపు రాదు. పోగులు తెగి అతికే చోట మహా వేగంగా విసిరికొట్టుకుంటాయి కాబట్టి వంపు తోక పొడుగ్గా సాగుతుంది, అది 2008లో మేరీల్యాండ్ వాళ్ళ కొలత.

విశ్రాంత_అయ్యవారు (కర్నూలు)
బుధవారం, ఉదయం 9:05

పేచీ న్యాయమైనదే. ఒక్కటి కలుపుతా. వేడి బాగా పెంచితే మామూలు భాగం కూడా కుదురుగా ఉండదు, అదీ కలగాపులగమవుతుంది. ఫ్లోరిడాలో వెయ్ గువో బృందం హీలియం అణువుల జంటలను లేజరుతో గీతలా వెలిగించి, ఆ గీత వంకరపోవడం చూపించింది. అంటే గేటు దగ్గర ఖాళీ బండ్లే కాదు, నిండు బండ్లూ వరస తప్పాయి. రెండు టర్బులెన్సులు ఒకదాన్నొకటి పట్టుకుని నడిచే ఈ వ్యవహారం మీద ఇంకా పని జరుగుతోంది. ఎమ్మెస్సీ సెమినార్‌కు ఇది వద్దు.

కోల్డ్_స్టోరేజీ_మస్తాన్ (నంద్యాల)
బుధవారం, రాత్రి 8:30

అన్నీ బాగున్నాయి. ఇది దేనికి పనికొస్తుంది? ఇంత చల్లదనం అమ్ముకునే షాపు యాడుంది?

ప్రొద్దుటూరు_క్రయో
బుధవారం, రాత్రి 9:48

జెనీవా దగ్గర సెర్న్ అనే ప్రయోగశాలలో కణాలను గుద్దించే 27 కిలోమీటర్ల సొరంగం ఉంది కదన్నా. దాంట్లో 1232 పెద్ద వంపు అయస్కాంతాలు, 8 టెస్లా పైన. అన్నీ 1.9 కెల్విన్ సూపర్‌ఫ్లూయిడ్‌లో మునిగి ఉంటాయి. హీలియం మొత్తం 120 టన్నుల చిల్లర. 4.2లో పెట్టొచ్చు కదా అంటావేమో. చల్లగా ఉండేకొద్దీ ఆ అయస్కాంతాల్లోని నియోబియం-టైటానియం సూపర్‌కండక్టర్ తీగ ఎక్కువ కరెంటు మోస్తుంది, అదొకటి. రెండోది మన ఎదురు ప్రవాహం. తీగ చుట్టల సందుల్లోకి ద్రవం దూరి, ఏ మూల వేడి పుట్టినా బుడగ లేకుండా బయటికి మోసేస్తుంది. ఘనం నియమంలో వేడి అత్యంత సులువుగా పోయేది కూడా 1.9 దగ్గరే. ఇంకా చల్లబరిస్తే మోసే బండ్లు తగ్గుతాయి, వేడిచేస్తే ఖాళీ బండ్లు తగ్గుతాయి.

నీ పనికి దగ్గరిది ఇంకొకటి చెప్తా. గ్యాసుకు బిగుతుగా ఉన్న అతుకు గుండా కూడా ఈ ద్రవం కారుతుంది. 3 కెల్విన్ దగ్గర పరీక్షిస్తే లీకు లేదు, 2 కెల్విన్‌కు దిగగానే మొదలు. దాన్ని సూపర్‌లీక్ అంటారు. వెచ్చబెట్టి వెతుకుదామంటే మాయమైపోతుంది.

కోల్డ్_స్టోరేజీ_మస్తాన్ (నంద్యాల)
బుధవారం, రాత్రి 10:10

ఓరి దేవుడా. మేం గంధకం వత్తి వెలిగించి పైపు పొడుగునా తిప్పితే లీకున్న చోట తెల్లపొగ వస్తుంది, అయిపాయ. వెచ్చగుంటే కనపడని లీకు పగోడికి కూడా వద్దు. మరి ఉపగ్రహంలో ఎట్ల పెడతారు? యాడో చదివినా, అంతరిక్షంలో కూడా ఇదే పోస్తారంట. బరువే లేని చోట ద్రవం యాడుంటుందో, ఆవిరి యాడుంటుందో. వాల్వు తెరిస్తే ద్రవమే పోదా?

విశ్రాంత_అయ్యవారు (కర్నూలు)
గురువారం, ఉదయం 6:15

మస్తాన్, ఈ దారంలో ఇంతవరకు వచ్చిన ప్రశ్నలన్నిటిలో నాకు నచ్చింది ఇదే. వాల్వు పెట్టరు, సన్నటి రంధ్రాలున్న బిళ్ళ పెడతారు. సూపర్ భాగానికి వేడి ఉన్న వైపు పోవడం అలవాటు కదా. బిళ్ళ బయటి ముఖం మీద ఆవిరి అవుతుంటే ఆ ముఖం చల్లబడుతుంది, లోపలి ముఖం రొంత వెచ్చగా ఉంటుంది. ద్రవం బయటికి పోబోయినా మళ్ళీ వెచ్చటి వైపు, అంటే ట్యాంకు లోపలికే లాక్కుపోతుంది. ఆవిరి మాత్రం బయటపడుతుంది. కదిలే భాగం ఒక్కటి లేదు. 1983లో ఐరాస్ (IRAS) అనే టెలిస్కోపు ఉపగ్రహం ఇలాగే పది నెలలు ఆకాశాన్ని చూసింది, హీలియం అయిపోగానే పని ఆగింది. 2003లో అంతరిక్షానికి పోయిన స్పిట్జర్ టెలిస్కోపుకు 360 లీటర్లు 2009 మే దాకా వచ్చాయి. ఫౌంటెన్ లెక్క చిమ్మే వీడియోలో చూసే ఆ గుణమే ఇక్కడ కాపలా కాసింది.

పెన్నొడ్డు_పిల్ల (అనంతపురం)
సోమవారం, సాయంత్రం 5:25

సెమినార్ అయిపోయింది!! మూడో స్లైడ్ మార్చేసినా. "రాగికంటే ఎన్ని రెట్లు" అని పైన పెట్టి కింద అర వాట్, 1 వాట్, 2 వాట్లకు మూడు అంకెలు వేసినా. ఆదోని బండ్లు చెప్పినప్పుడు ఆదోని పిల్లోడు ఒకడు ఈల వేసినాడు. మగ్గం అన్నా, పట్టు చిక్కు మీ పేరు చెప్పే వాడుకున్నా.

గైడ్ సార్ చివర్లో మళ్ళీ ఒక్క మాటే అడిగినాడు. "రెండు కొసల ఉష్ణోగ్రతలూ అట్లనే ఉంచి గొట్టాన్ని ఎనిమిదింతలు పొడుగు చేస్తే?" బోర్డు మీద వేసి చూపించినా. రాగి కడ్డీ అయితే వేడి ఎనిమిదో వంతుకు పడుతుంది. ఇక్కడ ఘనమూలం కాబట్టి సగానికే తగ్గుతుంది. సార్ తల ఊపి, బోర్డు తుడిచేయమన్నాడు. మంచి మార్కులేనంట, సీనియర్లు చెప్పినారు.

కోల్డ్_స్టోరేజీ_మస్తాన్ (నంద్యాల)
సోమవారం, రాత్రి 9:02

శభాష్ తల్లీ. ఎనిమిదింతలు పొడుగు చేసినా సగమే తగ్గుతుందా? ఈ లెక్క మా ఓనర్‌కు చూపించొద్దు ఎవరూ. రేపే పైపులన్నీ పొడుగు చేయమంటాడు.